చిప్‌ట్యూన్ సంగీతకారుడి వికీపీడియా పేజీ నిలబడాలంటే

తమ్ముడూ,

వికీపీడియాలో నీ ప్రయోగశాలలో, అదే చిత్తు పేజీలో, ఆ చిప్‌ట్యూన్ (పాత గేమ్ యంత్రాల సౌండ్ చిప్‌లతో చేసే సంగీతం) కళాకారుడి మీద నువ్వు పెట్టిన వ్యాసం చదివా. గేమ్‌బాయ్ అనే చేతి గేమ్ యంత్రంలో ఎల్‌ఎస్‌డీజే అనే సంగీతం కూర్చే ప్రోగ్రాం వేసుకుని, ఉన్న నాలుగు సౌండ్ ఛానళ్ళతోనే ఆయన అంత సంగీతం ఎలా లాగుతాడో రాసిన పేరా భలే ఉంది, చదవగానే వినాలనిపించింది. కానీ దీన్ని ఇప్పుడే బయటకి తెచ్చావనుకో, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు తొలగింపు మూస (ఈ పేజీ తీసెయ్యాలనే నోటీసు) తగిలిస్తారు, వాళ్ళని తిట్టుకుని లాభం లేదు.

నీ మూలాలు ఒకసారి చూడు. పాటలమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ పేజీ ఆయనదే, యూట్యూబ్ ఛానలూ ఆయనదే, ఆయన పాటల్ని ఇంటర్నెట్‌లో విడుదల చేసే నెట్‌లేబుల్ పేజీలో పరిచయమేమో వాళ్ళ ఆల్బమ్ కోసం వాళ్ళే రాసుకున్నది. పెళ్ళికొడుకు గుణగణాలు మేనమామని అడిగినట్టుంది. ఆయనతో ఏ లావాదేవీ లేని, ఎడిటరంటూ ఉన్న పత్రిక ఏదైనా ఆయన గురించే కాస్త వివరంగా రాసిందా, అదీ ప్రశ్న. బ్లిప్ ఫెస్టివల్లో వాయించాడన్నావు, సరే, 2006లో న్యూయార్క్‌లో మొదలైన ఆ చిప్‌ట్యూన్ పండగ గురించి పత్రికలు రాశాయి, అయితే ఆ పేరు పండగది, లిస్టులో ఉన్న ప్రతివాడికీ పంచరు.

ఇంకోటి, వివాదాల దగ్గర జాగ్రత్త. 2007లో అమెరికన్ సంగీత నిర్మాత టింబలాండ్ మీద గొడవైంది గుర్తుందా? ఫిన్లాండ్ కుర్రాడు యానె సూని అసెంబ్లీ 2000 అనే కంప్యూటర్ కళల పండగ పోటీలో గెలిచిన ట్యూన్‌ని గాయని నెల్లీ ఫుర్టాడో పాటలో వాడేశాడని ఆరోపణ, కోర్టు దాకా వెళ్ళింది. ఇంగ్లీషు వికీలో ఆ వివాదానికి విడిగా వ్యాసమే ఉంది. ఎందుకంటే పత్రికలు రాసింది గొడవ గురించి, సూని జీవితం గురించి కాదు. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

నువ్వు రాస్తున్న కళాకారుడు కమోడోర్ 64 అనే ఎనభైల నాటి కంప్యూటర్ రోజుల నుంచీ ఉన్నాడు కదా, అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత జాప్!64 సంచికల స్కాన్లు తిరగెయ్, 1985లో మొదలైన బ్రిటిష్ గేమ్ పత్రిక అది, రివ్యూల్లో సౌండ్‌కి కూడా విడిగా మార్కులేసేవాళ్ళు. అసలు పేరుతోనే కాకుండా సీన్‌లో, అంటే తోటి కళాకారుల మధ్య, వాడే మారుపేరుతో కూడా వెతుకు, చాలామంది మారుపేరుతోనే దొరుకుతారు. ఇంటర్వ్యూ దొరికితే ఎగిరి గంతెయ్యకు, ఆయన నోటితో చెప్పినవి పుట్టిన ఊరు లాంటి వాటికి పనికొస్తాయి గానీ ప్రాముఖ్యతకి, అంటే ఆయనకి విడిగా వ్యాసం ఉండదగ్గ పేరుందని చూపించడానికి, చెల్లవు, విలేఖరి సొంతంగా రాసిన ముందుమాట ఉంటే అది కాస్త నయం.

రెండు గట్టి మూలాలు దొరికాక నా చర్చా పేజీలో ఒక మాట రాయి, కలిసి సరిచేద్దాం. దొరక్కపోతే గేమ్‌బాయ్ పేరా చెరిపెయ్యకు, చిప్‌ట్యూన్ గురించిన వ్యాసంలోకి మూలాలతో సహా మార్చు, అది అక్కడ చక్కగా ఇముడుతుంది.

మీ అన్న