తెరచాపలు దించేసినా సరే

విజయవాడ

తల్లీ,

పెద్ద సెయిలింగ్ యాట్‌లో, అంటే తెరచాపల విహార నౌకలో, డెక్ ఉద్యోగం వచ్చిందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ముప్ఫై ఏళ్లు సరుకు ఓడల్లో తిరిగినవాణ్ణి, నువ్వు బయల్దేరేలోపు ఒక సంగతి నీకు చెప్పి తీరాలి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

సెలవులకి వచ్చినప్పుడు కృష్ణ రేవులో ఇత్తడి బిందెను నీళ్లమీద వదిలి ఆడేదానివి, గుర్తుందా? ఊపినా తేలేది. మరికాస్త ఒరిగి మూతి నీళ్లకు తగిలిందంటే బుడబుడమంటూ అడుక్కి పోయేది. బిందెకు చిల్లు పడలేదు, మూతిలోంచే నీళ్లు నిండాయి. యాట్‌కీ అలాంటి మూతులు చాలా ఉంటాయి: మెట్ల దారులు, హ్యాచ్‌లు (డెక్ మీద మూతలుండే ద్వారాలు), ఇంజన్ గదికి గాలి వెళ్లే గొట్టాలు, పక్క తలుపులు. ఎంత ఒరిగితే వాటిలోకి నీళ్లొస్తాయో అది ఒక కోణం. ఎంత ఒరిగాక ఇక లేవదో అది ఇంకో కోణం. ఈ రెండూ నీకు తెలిసుండాలి.

2024 ఆగస్టు 19 తెల్లవారుజామున ఇటలీలోని సిసిలీ తీరంలో, పోర్టిచెల్లో దగ్గర, బేసియన్ అనే 56 మీటర్ల యాట్ మునిగింది. 22 మందిలో ఏడుగురు పోయారు. అది తెరచాపలెత్తి పరుగులు తీయడం లేదు. చాపలు దించి, ఒడ్డుకు దగ్గర్లో లంగరు వేసుకుని ఉంది. కానీ దాని మాస్ట్ 70 మీటర్ల పైమాటే. చాప లేకపోయినా అంత ఎత్తు స్తంభానికీ తాళ్లకీ గాలి తగులుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. యాట్ అడుగు నుంచి నీళ్లలోకి దించి, అది నిటారుగా నిలబడటానికి తోడ్పడే బరువైన పలక, సెంటర్‌బోర్డ్, అప్పుడు పైకి లాగి ఉంది.

బ్రిటన్ ఓడ ప్రమాదాల దర్యాప్తు విభాగం 2025 మేలో ఇచ్చిన మధ్యంతర నివేదిక చదువు. ఆ స్థితిలో 70.6 డిగ్రీలు దాటి ఒరిగితే యాట్ లేవదట. పక్కనుంచి 63.4 నాట్ల గాలి, అంటే గంటకు 117 కిలోమీటర్లు, తిరగేయడానికి చాలట. వచ్చిన గాలి 70 నాట్లు దాటింది. 15 సెకన్లలోపే 90 డిగ్రీలకు పడిపోయింది. నా మనసును కలచేది ఇదీ: చాపలు దించి, బోర్డ్ ఎత్తిన స్థితికి సంబంధించిన ఈ బలహీనత స్టెబిలిటీ బుక్‌లో, అంటే యాట్ ఒరిగినా నిలబడే లెక్కలుండే పుస్తకంలో, లేదు, సిబ్బందికి తెలియదు.

కాబట్టి చేరిన వారంలోనే చీఫ్ ఆఫీసర్ని మర్యాదగా అడుగు: "సర్, లంగరు వేసి, బోర్డ్ ఎత్తి ఉన్నప్పుడు మన లెక్కలేంటి?" కొత్తదానివని మొహమాటపడకు. సగం నిండిన ట్యాంకుల గురించి కూడా అడుగు. పళ్ళెంలో నీళ్లు మోసుకెళ్తే ఒక పక్కకు జారి చెయ్యి వాలుతుంది చూడు, ఓడలోనూ అదే జరుగుతుంది.

మూతల సంగతిలో బద్ధకం వద్దు. నా ఓడలో ఒకసారి ఉక్కకు తట్టుకోలేక నీళ్లు రాకుండా ఆపే తలుపునే తాడుతో కట్టి తెరిచిపెట్టారు. గాలి లేచి ఓడ ఒరిగేసరికి నడవాలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. సరుకు ఓడ కాబట్టి తట్టుకుంది. వేసవి సాయంత్రం మబ్బు నల్లబడితే మీ పెద్దమ్మ చినుకు పడేదాకా ఆగుతుందా? మేడమీది వడియాలు ముందే దించేస్తుంది. నువ్వూ అంతే. దూరాన మెరుపు కనబడగానే హ్యాచ్‌లు మూయించు, కెప్టెన్ని లేపు. ఉత్తినే లేపావని తిట్టినా పడు.

ఒడ్డు దగ్గరుందని ధైర్యపడకు. 2017 నవంబరులో మన పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. అది కృష్ణ, సముద్రం కాదు.

ఇంకొకటి. నీ క్యాబిన్ నుంచి డెక్ మీదకి కళ్లు మూసుకుని రెండు దారుల్లో వెళ్లడం అలవాటు చేసుకో. యాట్ పక్కకి పడితే గోడ నేలవుతుంది, తలుపు నెత్తిమీదుంటుంది. లైఫ్ జాకెట్ మంచం పక్కనే ఉంచుకో, అల్మారాలో కాదు.

చేరాక ఫోన్ చెయ్యి. ఆ రెండు కోణాలు, మూతలు ఎక్కడెక్కడున్నాయో చెప్పు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న