అది తంగేడు కాదు చెల్లీ!

"అక్కా, మా ట్రెయిల్ పొడవునా తంగేడు పూసింది. బతుకమ్మకి కోసుకోవచ్చా?" సెప్టెంబరు వస్తే చాలు, షికాగో దగ్గర మా నేపర్‌విల్‌లో కొత్తగా దిగినవాళ్ళు ఎవరో ఒకరు అడుగుతారు. వచ్చిన ఏడాది నేనైతే అడగను కూడా అడగలేదు. ఇంత కట్ట కోసి డిక్కీలో పడేశాను. ఇల్లు చేరేసరికి సీట్ల నిండా పురుగులు, అద్దం మీద ఒక తేనెటీగ!

అది గోల్డెన్‌రాడ్, ఇక్కడి అడవి పువ్వు. దూరం నుంచి చూస్తే ఎవరైనా తంగేడే అనుకుంటారు. దగ్గరికెళ్ళి ఆకు చూడండి. తంగేడుకి చిన్న చిన్న ఆకులు జతలు జతలుగా ఉంటాయి కదా, దీనికి సన్నగా పొడుగ్గా ఒక్కొక్కటే. ఇప్పుడు ఆ పసుపు కుచ్చులో బియ్యపుగింజంత పువ్వు మీద ఫోన్ కెమెరా పెట్టి జూమ్ చేయండి. చుట్టూ బుల్లి రేకులు, నడుమ బొడిపె, అచ్చం చామంతే! బంతి, పొద్దుతిరుగుడు కూడా ఈ కుటుంబమే. మనం ఒక పువ్వు అనేది నిజానికి ఎన్నో పూల గుత్తి.

ఇందులో చాలా రకాలున్నాయి. కొమ్మలు వంగి, పూలన్నీ పైవైపుకే ఉండి, ఆకు మీద మూడు ఈనెలు స్పష్టంగా కనిపిస్తే కెనడా గోల్డెన్‌రాడ్ కావచ్చు. తల చదునుగా, ఆకు మందంగా గరుగ్గా ఉంటే స్టిఫ్ గోల్డెన్‌రాడ్. కొన్నిటి కాడ మీద ఉసిరికాయంత ఉబ్బు ఉంటుంది, భయపడకండి. లోపల ఒక ఈగ పిల్ల చలికాలమంతా గడుపుతుంది.

తుమ్ములొస్తే పాపం దీన్నే తిడతారు. దీని పుప్పొడి బరువు, గాలికి ఎగరదు, పురుగులే మోయాలి. అసలు దొంగ అదే కాలంలో పూసే రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క, ఆకుపచ్చ పూలు కాబట్టి ఎవరి కంటా పడదు.

కోయడం మాత్రం వద్దు. ఫారెస్ట్ ప్రిజర్వ్‌లు, అంటే ఇక్కడి రక్షిత అడవులు, వాటిలో అది రూల్ కూడా. ఇది పెరిగే గడ్డి మైదానాన్ని ప్రెయిరీ అంటారు. ప్రెయిరీ స్టేట్ అని పేరే గానీ, ఇల్లినాయ్‌లో అసలైన ప్రెయిరీ వెయ్యిలో ఒక వంతు కూడా మిగల్లేదు. పైగా మెక్సికోకి ఎగిరిపోయే మోనార్క్ సీతాకోకచిలుకలకి సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ తేనె కావాలి. చూడాలనుంటే పక్కనే లైల్ ఊళ్ళో మోర్టన్ ఆర్బొరేటమ్ అనే చెట్ల తోటకి వెళ్ళండి. అక్కడి షూలెన్‌బర్గ్ ప్రెయిరీని 1962 నుంచి పెంచుతున్నారు.

బతుకమ్మకి ఆ నెలలో ప్రతి స్టోర్ ముందూ మమ్స్ కుండీలు పెడతారు, అవి మన చామంతులే. పెరడు ఉంటే నర్సరీ నుంచి స్టిఫ్ రకం తెచ్చుకోండి. కెనడా రకం వద్దు, వేళ్ళతో పాకి పక్కింటికి వెళ్తుంది. మా పెరటి మొక్కవి రెండు రెమ్మలు ఏటా పై వరసలో పెడతాను. బాగా దులిపాకే.