స్వాల్‌బార్డ్ ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదని చదివాను. ట్రావెల్ ఏజెంటేమో షెంగెన్ వీసా తప్పదంటున్నాడు. ఏది నిజం?

జ: రెండూ నిజమే. 1920 నాటి ఒప్పందం ప్రకారం ఆర్కిటిక్‌లోని ఈ దీవుల మీద అధికారం నార్వేదే అయినా, ఇవి షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల సముదాయం) పరిధిలోకి రావు. అక్కడ దిగడానికి వీసా అడగరు. కానీ మామూలు విమానాలు ఓస్లో, ట్రోమ్సోల మీదుగానే వెళ్తాయి కనుక, భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాల్సిందే. తప్పు జరిగేది ఆ తర్వాత. స్వాల్‌బార్డ్ విమానం ఎక్కడమంటే షెంగెన్ దాటి బయటికి వెళ్లినట్టు లెక్క. తిరిగొచ్చి ఓస్లోలో దిగితే అది రెండో ప్రవేశం. సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే అక్కడ చిక్కుకుంటారు. దరఖాస్తులోనే డబుల్ లేదా మల్టిపుల్ ఎంట్రీ అడిగి, రానుపోను టికెట్లన్నీ జతచేయండి. వీసా చేతికి రాగానే ఎంట్రీల గడి చూడండి. అందులో 01 అని ఉంటే ప్రయాణానికి ముందే మార్పించుకోవాలి.

ప్ర: ధ్రువపు ఎలుగుబంట్లను చూడాలని మా కోరిక. ఏ నెలలో వెళ్తే తప్పకుండా కనిపిస్తాయి?

జ: ఏ నెలలోనూ ‘తప్పకుండా’ అనే మాట లేదండీ. అలా హామీ ఇచ్చేవారికి అడ్వాన్సు కట్టకండి. సుమారు 61,000 చదరపు కిలోమీటర్ల దీవుల్లో స్థిరంగా ఉండే ఎలుగుబంట్లు 300 దాకా మాత్రమే. లాంగ్‌యెర్‌బెన్ ఊళ్లో హోటల్ తీసుకుని రోజువారీ పడవల్లో తిరిగితే కనిపించే అవకాశం చాలా తక్కువ. వారమో పది రోజులో నౌకలోనే ఉంటూ ఉత్తర, తూర్పు తీరాలకు వెళ్తే ఆశ పెట్టుకోవచ్చు.

నెలను బట్టి చూసేది మారిపోతుంది. మార్చి, ఏప్రిల్ స్నోమొబైల్ కాలం. వెలుతురు అద్భుతంగా ఉంటుంది గానీ పక్షుల సందడి పెద్దగా ఉండదు. చలికాలమంతా ఇక్కడే ఉండిపోయే నేలపక్షి టార్మిగన్ ఒక్కటే. జూన్‌లో కొండలకు ఇంకా మంచు ఉంటుంది, కానీ సముద్రపు మంచు అడ్డుపడి నౌక ఉత్తరానికి వెళ్లలేకపోవచ్చు. జులైలో నేల పచ్చబడి పూలు పూస్తాయి. గిలమాట్లు, కిట్టివేక్‌లు అనే సముద్రపక్షులతో కొండచరియలు కిక్కిరిసి ఉంటాయి. హిన్‌లోపెన్ జలసంధిలోని ఆల్కెఫ్యెలెట్ చరియ దగ్గరైతే వేలాది గిలమాట్ల అరుపుల్లో పక్కవాళ్ల మాట వినపడదు. జులై చివర్లో ఎగరడం కూడా రాని గిలమాట్ పిల్లలు ఆ చరియల నుంచి సముద్రంలోకి దూకుతాయి. గురి తప్పి నేలమీద పడినవాటి కోసం కింద ఆర్కిటిక్ నక్కలు కాచుకుని ఉంటాయి. ఆగస్టు సగం దాటాక వెళ్తే ఆ చరియలు దాదాపు ఖాళీ.

మా సలహా: జులై రెండో సగం. పక్షుల కోసం, హిమానీనదాల కోసం వెళ్లండి. ఎలుగుబంటి కనిపిస్తే అది కొసరు. నౌకకు డబ్బు చాలకపోతే లాంగ్‌యెర్‌బెన్ నుంచి పగటి పడవలో ఆల్క్‌హార్నెట్ కొండ చూడండి. పైన పక్షులు, కింద పచ్చికలో పొట్టి కాళ్ల రెయిన్‌డీర్లు. వాల్రస్‌ల (పొడవాటి దంతాలుండే సముద్ర జంతువులు) కోసమైతే పూలెపింటెన్ తీరం.

ప్ర: నా దగ్గర 400 మిల్లీమీటర్ల లెన్స్ ఉంది. సరిపోతుందా?

జ: పక్షులకు, వాల్రస్‌లకు సరిపోతుంది. ఎలుగుబంటికి చాలదు. 2025 జనవరి 1 నుంచి ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి. మార్చి 1 నుంచి జూన్ 30 వరకు 500 మీటర్లు. రెండున్నర మీటర్ల జంతువు 300 మీటర్ల దూరంలో ఉంటే, మీ లెన్స్‌తో ఫుల్‌ఫ్రేమ్ ఫొటో వెడల్పులో పదకొండో వంతే వస్తుంది. 500 మీటర్లకైతే పద్దెనిమిదో వంతు. దగ్గరికి పోనివ్వమని గైడ్‌ను బతిమాలకండి, అది చట్టం. కొత్త లెన్స్ కొనేకన్నా మంచి 8×42 బైనాక్యులర్ మేలు. 10 రెట్లది ఊగే పడవలో నిలవదు.

తెల్లటి మంచును కెమెరా బూడిదరంగుగా తీస్తుంది కనుక ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి. బయటి నుంచి వెచ్చటి గదిలోకి వచ్చేముందే కెమెరాను గాలి చొరని సంచిలో మూసేయండి. లేకపోతే చల్లటి అద్దం మీద ఆవిరి నీరై పడుతుంది. ఒక గంట ఆగి తీయండి.

ప్ర: ఊరి బయట ఒంటరిగా నడవొచ్చా?

జ: వద్దు. ఎలుగుబంటి గుర్తున్న హెచ్చరిక బోర్డు దాటాక, ఎలుగుబంటిని బెదిరించి తరిమే సాధనం దగ్గర ఉండాలని నిబంధన. అధికారులు తుపాకీ కూడా ఉంచుకోమంటారు. పర్యాటకులకు ఆయుధమున్న గైడే దారి. ఊరి లోపల వేరే బెడద: ఆర్కిటిక్ టెర్న్‌లనే సముద్రపక్షులు దారి పక్కనే గూడు పెట్టి తలమీద పొడుస్తాయి. ఒక కర్ర తలకన్నా ఎత్తుగా పట్టుకుని నడవండి. అవి అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తాయి.

ప్ర: జులైకి ఎలాంటి బట్టలు?

జ: 3 నుంచి 7 డిగ్రీలు ఉంటుంది, కానీ రబ్బరు పడవలో గాలికి సున్నాకన్నా చల్లగా తోస్తుంది. ఒంటికి ఆనుకుని ఉన్ని, దానిపై ఫ్లీస్, పైన గాలీ నీరూ చొరని జాకెట్, ప్యాంటు. నూలు బట్ట తడిస్తే ఆరదు, జీన్స్ అసలొద్దు. పడవ దిగేది నీళ్లలోకే కాబట్టి మోకాలి ఎత్తు రబ్బరు బూట్లు కావాలి. లోపల మందపు మేజోళ్లకు చోటుండేలా ఒక సైజు పెద్దవి తీసుకోండి. బిగుతైన బూటులో వేళ్లు ఇంకా త్వరగా గడ్డకడతాయి.

ప్ర: న్యూ-ఒలెసున్‌లో మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం చూడొచ్చా?

జ: 2008లో మొదలైన ఆ కేంద్రాన్ని, మీ నౌక అక్కడ ఆగితే, బయటి నుంచి చూడొచ్చు. పరిశోధన భవనాల్లోకి యాత్రికులను పంపరు. ఆ ఊళ్లో రేడియో టెలిస్కోపు సుదూర ఖగోళం నుంచి వచ్చే అతి బలహీన సంకేతాలు పడుతుంది కనుక, చుట్టూ 20 కిలోమీటర్ల మేర వైఫై, బ్లూటూత్ నిషేధం. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్నా బ్లూటూత్ నడుస్తూనే ఉండొచ్చు. దాన్ని విడిగా ఆపండి. చేతి వాచీ, ఇయర్‌ఫోన్లు, కెమెరాలోని వైఫై కూడా.