టెక్ సందేహాలు: ఫైరింజన్ మాటలు వినాలంటే ఏ స్కానర్ కొనాలి?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం అమెరికా నుంచే, అవీ ఒకే విషయం మీద. కింద వీధిలో సైరన్ మోగగానే ఆ బండి ఎక్కడికి పోతోందో తెలుసుకోవాలని మనవాళ్లకు ఆరాటం. అందుకు కావాల్సింది స్కానర్, అంటే పోలీసు, ఫైర్ వాళ్ల రేడియో మాటలు పట్టి వినిపించే పెట్టె. ఫోన్ వేడెక్కుతోందన్నవాళ్లూ, ప్రింటర్ మొరాయిస్తోందన్నవాళ్లూ ఒక్క వారం ఓపిక పట్టండి.

ప్రశ్న: మేముండేది న్యూయార్క్‌లో, క్వీన్స్ ప్రాంతం. రోజుకు నాలుగైదు సార్లు మా అపార్ట్‌మెంట్ ముందు నుంచి ఫైరింజన్లు వెళ్తాయి. స్కానర్ కొందామని వెళ్తే ఒకటి నూట చిల్లర డాలర్లు, ఇంకోటి ఏడు వందల దాకా ఉంది. షాపతను ఖరీదైనదే కొనమంటున్నాడు. ఏది తీసుకోను సార్?

షాపతను మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ ఏ రేడియో వాడుతోందో అడిగాడా? అడగకుండానే సలహా ఇచ్చాడంటే తన లాభం చూసుకుని చెప్పాడన్నమాట. స్కానర్ ఎంపిక మొత్తం ఊరిని బట్టే ఉంటుంది. ఒక ఊళ్లో నూరు డాలర్ల పెట్టె చాలు, ఇంకో ఊళ్లో అదే పెట్టె అటక మీదకు తప్ప ఎందుకూ పనికిరాదు.

న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్, అందరూ పిలిచే పేరు ఎఫ్‌డీఎన్‌వై, తన డిస్పాచ్ ఛానళ్లను, అంటే ఏ బండి ఎక్కడికి పోవాలో చెప్పే ఛానళ్లను, యూహెచ్ఎఫ్ బ్యాండ్‌లో 482 మెగాహెర్ట్జ్ దగ్గర నడుపుతోంది. మామూలు అనలాగ్ ఎఫ్‌ఎం, అంటే గొంతును అంకెలుగా మార్చకుండా నేరుగా పంపే పాత పద్ధతి. మన్‌హాటన్, బ్రాంక్స్, బ్రూక్లిన్, క్వీన్స్, స్టాటెన్ ఐలాండ్ ఐదింటికీ వేర్వేరు ఛానళ్లు, పైన సిటీవైడ్ అని ఇంకొకటి. దీనికి యూనిడెన్ బీసీ125ఏటీ లాంటి చిన్న స్కానర్ సరిపోతుంది. అది 512 మెగాహెర్ట్జ్ దాకా పడుతుంది, 500 ఛానళ్లు దాచుకుంటుంది. మీకు కావాల్సింది ఆరు. ఏడు వందల డాలర్లది డిజిటల్ ట్రంకింగ్ (అదేమిటో కింద హ్యూస్టన్ ప్రశ్నలో చెబుతాను) కోసం తయారైన యంత్రం. మీ పనికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

ఒక జాగ్రత్త. ఎఫ్‌డీఎన్‌వై ఒకప్పుడు చాలా ఏళ్లు 154 మెగాహెర్ట్జ్ దగ్గర వీహెచ్ఎఫ్‌లో ఉండేది. ఆ పాత జాబితాలు నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి. అవి ఎక్కించుకుని, స్కానర్ పాడైందనుకుని వెనక్కి పంపేసిన వాళ్లున్నారు. ఏ ఊళ్లో ఏ ఫ్రీక్వెన్సీ వాడుతున్నారో రాసిపెట్టే రేడియోరిఫరెన్స్ వెబ్‌సైట్ డేటాబేస్‌లో మీ కౌంటీ పేజీ తెరిచి, చివరిసారి ఎప్పుడు సరిచేశారో చూసి, అక్కడి అంకెలే వేసుకోండి.

పెట్టె కొన్నాక యాంటెన్నా సంగతి. మా బావమరిది కూడా మీ క్వీన్స్‌లోనే ఉంటాడు. కిందటిసారి వెళ్లినప్పుడు కొత్త స్కానర్‌ను ఫ్రిజ్ మీద పెట్టుకుని, "బావా, ఇది సముద్రం హోరు తప్ప ఏమీ వినిపించట్లేదు" అన్నాడు. ఖాళీ ఛానల్ హోరును అణిచే స్క్వెల్చ్ మీట పూర్తిగా తెరిచి ఉంది, అందుకు హోరు. అది సరిచేస్తే నిశ్శబ్దం. కిటికీ దగ్గరకు తెస్తే ముక్కలు ముక్కలుగా గొంతులు. వంటింట్లో ఎల్ఈడీ లైటు ఆర్పగానే శుభ్రమైన ఆడగొంతు, ఏదో ఇంజన్ కంపెనీని పిలుస్తోంది. ఇంతకీ చౌక ఎల్ఈడీ బల్బు రేడియోకి బద్ధశత్రువు. స్కానర్‌తో వచ్చే రబ్బరు యాంటెన్నా అన్ని బ్యాండ్లకూ సర్దుకుపోయే రకం. 482 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం అంటే 15 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. ఆ పొడవున్న యాంటెన్నా పెట్టుకుంటే తేడా చెవికే తెలుస్తుంది.

డిస్పాచ్ మాటలు ఊరంతా వినిపిస్తాయి కానీ, మంటల దగ్గర సిబ్బంది చేతి రేడియోల్లో మాట్లాడుకునేవి వినిపించవు. వాటికి టవర్ ఉండదు, మనిషి నుంచి మనిషికి నేరుగా, కొద్ది వాట్ల శక్తితో పోతాయి. మీ వీధిలోనో పక్క వీధిలోనో అంటుకుంటే తప్ప అందవు. ఈ మాటలకు వాడే ఫైర్‌గ్రౌండ్ ఛానళ్లు కూడా ఎక్కించి ఉంచండి. వినపడ్డాయంటే కిటికీలోంచి చూడాల్సిన సమయమని అర్థం.

ప్రశ్న: అంత పెద్ద నగరం ఇంకా అనలాగ్‌లోనే ఉండటం ఏమిటి? మా హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్ దగ్గర ఇంతకన్నా మంచి సాంకేతికత ఉంది కదా! ఇదే క్వీన్స్ పాఠకుడి రెండో ఉత్తరం.

వెటకారం బాగుంది కానీ, దీని వెనక పెద్ద కథే ఉంది. 2001 మార్చిలో ఎఫ్‌డీఎన్‌వై తన సిబ్బందికి కొత్త డిజిటల్ చేతి రేడియోలు ఇచ్చింది. కొద్ది రోజులకే, మీ క్వీన్స్‌లోనే, ఒక ఇంటి బేస్‌మెంట్‌లో మంటల్లో చిక్కుకున్న ఫైర్‌ఫైటర్ మేడే (ప్రాణాపాయం, కాపాడండి) అని పిలిచాడు. ఆ పిలుపు పక్కనే ఉన్న తోటివాళ్లకు అందలేదు. రేడియోలన్నీ వెనక్కి తీసుకున్నారు, పాత అనలాగ్‌వే మళ్లీ చేతికిచ్చారు. అదే ఏడాది సెప్టెంబర్ 11న ఆ పాత వాటితోనే ట్రేడ్ సెంటర్ మెట్లెక్కారు.

ఆ భవనాల్లో 1993 పేలుడు తర్వాత సిగ్నల్ పెంచే రిపీటర్ పెట్టారు. ఆ రోజు ఉత్తర టవర్ లాబీలో చీఫ్‌లు దాన్ని పరీక్షించారు. కన్సోల్ మీద నొక్కాల్సిన రెండో మీట నొక్కకపోవడంతో అది పనిచేయడం లేదనుకుని పక్కన పెట్టేశారు. విచారణ కమిషన్ నివేదికలో ఇదంతా ఉంది. బయటకు వచ్చేయమన్న ఆదేశం చాలామందికి చేరలేదు. డిపార్ట్‌మెంట్ 343 మందిని పోగొట్టుకుంది. అయితే మొత్తం తప్పు రేడియోలదే అనడం సరికాదు. ఆదేశం విని కూడా తోటివాళ్ల కోసం ఆగినవాళ్లున్నారు.

వెనక్కి తీసుకున్న ఆ డిజిటల్ రేడియోలు తర్వాత అనలాగ్ పద్ధతికి మార్చుకుని వాడుకలోకి వచ్చాయి. ఎత్తైన భవనాల కోసం 45 వాట్ల 'పోస్ట్ రేడియో' వచ్చింది, దాన్ని బెటాలియన్ చీఫ్ మనుషులు మోసుకెళ్తారు. అనలాగ్‌లో ఉన్న సుగుణం ఒకటే. సిగ్నల్ బలహీనపడితే గొంతు గరగరమంటుంది కానీ మాట వినిపిస్తూనే ఉంటుంది. డిజిటల్ ఒక హద్దు దాకా గాజులా స్పష్టంగా ఉండి, హద్దు దాటితే చప్పున మూగబోతుంది. కాంక్రీటు గోడల మధ్య, పొగలో ఉన్నవాడికి ఆ గరగరే నయం.

ఇంకో ముచ్చట. మీ 482 కూడా ఉన్న 470 నుంచి 512 మెగాహెర్ట్జ్ దాకా పట్టీని టీ-బ్యాండ్ అంటారు. దాన్ని పోలీసు, ఫైర్ వాళ్ల నుంచి ఖాళీ చేయించి వేలం వేయాలని 2012లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. న్యూయార్క్‌తో సహా 11 మహానగరాల మీద పడే దెబ్బ అది. ఎనిమిదేళ్లు నెత్తిన కత్తిలా వేలాడి, 2020 డిసెంబర్‌లో రద్దయింది. మీరు కొనే చవక స్కానర్‌కు ఇంకా పనుందంటే దాని చలవే.

ప్రశ్న: అమ్మాయి బ్రూక్లిన్‌లో ఉంటుంది. ఫోన్ యాప్‌లో అక్కడి ఫైర్ ఛానల్ వింటున్నాను. ఇంగ్లీషు వచ్చు కానీ ఈ అంకెలు, ప్రతి మాటకీ చివర "కే" అనడం బోధపడటం లేదు. గుంటూరులో కూర్చుని ఇలా వినడం తప్పేమీ కాదు కదా బాబూ? ఒక రిటైర్డ్ టీచరమ్మ.

తప్పేమీ లేదమ్మా. మీ ఫోన్ రేడియో తరంగాలేవీ పట్టడం లేదు. అక్కడ ఎవరో ఔత్సాహికుడు తన స్కానర్‌ను కంప్యూటర్‌కు కలిపి బ్రాడ్‌కాస్టిఫై లాంటి వెబ్‌సైట్‌లో వదిలితే, ఇంటర్నెట్‌లో పాట విన్నట్టే మీరు వింటున్నారు. కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే. మన దగ్గర పోలీసు, ఫైర్ మాటలు స్కానర్ పెట్టి పట్టడం మాత్రం వేరే సంగతి. వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలని 1933 చట్టం నుంచీ ఉంది. అనుమతి లేకుండా సందేశాలు చాటుగా వినడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం కూడా నేరమే. ఆ జోలికి పోకండి.

ఇక "కే". అది టెలిగ్రాఫ్ కాలం నాటి మోర్స్ గుర్తు, "నాది అయింది, నువ్వు చెప్పు" అని. టెలిగ్రాఫ్ పోయింది, కే మిగిలింది. "బాక్స్ ఫలానా" అంటూ చెప్పే నాలుగంకెలు కూడా అప్పటివే. వీధి మూలల్లో ఎర్ర అలారం పెట్టెలు ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఇప్పుడు అందరూ ఫోన్లే చేసినా ఆ నంబరే చోటుకు చిరునామా. ఇంజన్ అంటే నీళ్లూ గొట్టాలూ చూసే బండి. లాడర్ అంటే నిచ్చెన వేసి, తలుపులు పగలగొట్టి, మనుషులను వెతికే బండి.

అంకెల్లో రెండు గుర్తుంచుకుంటే చాలు. 10-75 అంటే నిజంగానే అంటుకుంది, అదనపు బలగం పంపండి అని. చిక్కుకుపోయిన సొంత మనుషులను లాగడానికి ప్రత్యేకంగా సిద్ధంగా ఉండే ఫాస్ట్ ట్రక్కు కూడా దానితోనే బయల్దేరుతుంది. ఆ తర్వాత "ఆల్ హ్యాండ్స్" అన్నారంటే వచ్చినవాళ్లంతా పనిలో మునిగారని. ఆపైన సెకండ్ అలారం, థర్డ్ అలారం అని పెరుగుతుంది.

రెండోది 10-26. చలికాలంలో ఒక పొద్దున ఆరింటికి కాఫీ తాగుతూ మీ బ్రూక్లిన్ ఛానలే వింటున్నాను. అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. ఏదో అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో పొగ. ఇంజన్లు, లాడర్లు, చీఫ్, అందరినీ పంపారు. నేను కప్పు కింద పెట్టేసి కూర్చున్నా. నాలుగు నిమిషాలకు అలసిపోయిన గొంతొకటి "10-26, కే" అంది. మా ఆవిడ వంటింట్లోంచి ఏమైందని అడిగింది. "ఎవరో పొయ్యి మీద గిన్నె మాడబెట్టారు" అన్నాను. 10-26కి సరిగ్గా అదే అర్థం. మీరు వినే గొడవల్లో చాలావాటి ముగింపు ఇదే కాబట్టి, అమ్మాయి ఉండే వీధి పేరు వినపడగానే ఫోన్ చేసేయకండి. అక్కడ అర్ధరాత్రి కావచ్చు.

ప్రశ్న: న్యూయార్క్‌లో ఉన్న ఫ్రెండ్ చెప్పాడని బీసీ125ఏటీ కొన్నాను. హ్యూస్టన్‌లో చడీచప్పుడు లేదు. చెడిపోయిందా?

చెడిపోలేదు, ఊరు మారింది. హ్యూస్టన్ నగరానిది 700 మెగాహెర్ట్జ్‌లో నడిచే పీ25 (పోలీసు, ఫైర్ వాళ్ల డిజిటల్ రేడియో ప్రమాణం) రకం డిజిటల్ ట్రంకింగ్. మీ పెట్టె 512 దగ్గరే ఆగిపోతుంది, పైగా దానికి డిజిటల్ రాదు.

ట్రంకింగ్ అంటే బ్యాంకులో టోకెన్ పద్ధతి అనుకోండి. ఫలానా టోకెన్ మూడో కౌంటర్‌కు అని బోర్డు మీద పడుతుంది, వెంటనే ఇంకో టోకెన్ ఐదో కౌంటర్‌కు. ఇక్కడ బోర్డు కంట్రోల్ ఛానల్, టోకెన్ టాక్‌గ్రూప్ (తమలో తాము మాట్లాడుకునే ఒక బృందం), కౌంటర్ ఫ్రీక్వెన్సీ. బోర్డు చదవలేని స్కానర్ ఒకే కౌంటర్ ముందు నిలబడి, ఎవరి మాటలో సగం సగం వింటుంది. యూనిడెన్ ఎస్‌డీఎస్100 లాంటివి ఖరీదైనా ఇలాంటి చోట కొనక తప్పదు. ఎందుకంటే ఈ పద్ధతిలో ఒకే మాటను చాలా టవర్లు ఒకేసారి పంపుతాయి. శ్రీరామనవమి పందిట్లో స్తంభానికో మైకు కట్టినప్పుడు మాట మీద మాట పడి గందరగోళమైనట్టు, చవక డిజిటల్ స్కానర్లు ఇక్కడ తడబడతాయి. ఎస్‌డీఎస్ రకం దాన్ని తట్టుకునేలా తయారైంది.

కంప్యూటర్ మీద చేయి తిరిగినవాళ్లయితే ముప్పై నలభై డాలర్ల ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ యూఎస్‌బీ పుల్ల రెండు తెచ్చుకుని, ఎస్‌డీఆర్‌ట్రంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇదంతా చేసుకోవచ్చు. టీవీ చూడటానికి పుట్టిన పుల్ల అది. 2012లో ఔత్సాహికులు దాన్ని దాదాపు ఏ ఫ్రీక్వెన్సీనైనా పట్టే రేడియోగా మార్చేశారు. శనివారం ఒకటి దానికి బలి అవుతుంది, అది ముందే చెబుతున్నా.

డబ్బు పెట్టేముందు డేటాబేస్‌లో ఆ టాక్‌గ్రూప్ మోడ్ చూడండి. 'డీ' లేదా 'టీ' అక్షరం (రెండూ డిజిటల్ రకాలే) పక్కన పెద్ద అక్షరం 'ఈ' (E) కూడా ఉంటే ఎన్‌క్రిప్ట్ చేశారని, అంటే మాటలను రహస్య సంకేతాలుగా మార్చి పంపుతున్నారని. దాన్ని ఏ స్కానరూ విప్పలేదు. చికాగో, న్యూయార్క్ పోలీసులు ఆ దారి పట్టారు.

ప్రశ్న: స్కానర్‌ను కారులో పెట్టుకోవచ్చా?

న్యూయార్క్ రాష్ట్రంలో వద్దు. పోలీసు ఫ్రీక్వెన్సీలు పట్టే రిసీవర్‌ను అనుమతి లేకుండా కారులో అమర్చుకోవడం వాహన చట్టం సెక్షన్ 397 ప్రకారం నేరం, హ్యామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటాల్లోనూ ఆంక్షలున్నాయి. ఇంట్లో వినండి.

ప్రశ్న: నా దగ్గర బావోఫెంగ్ యూవీ-5ఆర్ వాకీటాకీ ఉంది. దానితో న్యూయార్క్ ఫైర్ ఛానల్ వినపడుతుందా?

వినపడుతుంది, దాని యూహెచ్ఎఫ్ 400 నుంచి 520 దాకా. కానీ స్కానింగ్ నత్తనడక. అంతకన్నా పెద్ద చిక్కు, దానికి మాట్లాడే బటన్ ఉంది. జేబులో పొరపాటున నొక్కుకుంటే ఫైర్ డిపార్ట్‌మెంట్ ఛానల్ మీద మీ ఇంటి గొడవ ప్రసారం అవుతుంది. దాన్ని కంప్యూటర్‌కు కలిపి, చిర్ప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఛానళ్లకు ట్రాన్స్‌మిట్ ఆపేసి అప్పుడు వాడండి.