నీ సైనికుడి జేబు ఎక్కడుంది?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో దిగిన అమెరికన్ పారాట్రూపర్, అంటే విమానంలోంచి పారాచూట్‌తో దూకే సైనికుడు, అర్ధరాత్రి చెట్టుకు చిక్కుకుని వేలాడటం, మొదలు బాగుంది. ఆ తర్వాతే నాకు అడ్డుపడింది. ప్యాంటు వెనక జేబులోంచి కత్తి తీసి తాళ్లు కోసుకున్నాడని రాశావు. తొడల చుట్టూ, భుజాల మీదా పారాచూట్ పట్టీలు బిగించుకున్నవాడి చెయ్యి అక్కడికెలా పోతుంది?

దూకేటప్పుడు వాళ్లు వేసుకునే 1942 నమూనా జంప్ జాకెట్‌కి ఆ కత్తి కోసమే మెడ కింద ఓ చిన్న జేబు ఉండేది. ఏ చేత్తోనైనా తీసుకునేలా రెండు పక్కలా జిప్పులు. ఒక చెయ్యి కొమ్మల్లో ఇరుక్కున్నా రెండోది చాలు. నీకు కావలసిన టెన్షనంతా ఆ జేబులోనే ఉంది, నువ్వేమో వెనక వెతికావు! ఛాతీ జేబులనూ ఏటవాలుగా కుట్టారు, పట్టీల మధ్య నుంచి చెయ్యి దూరడానికి. తొడల మీద సంచుల్లాంటి జేబులు. వాటినిండా తిండీ, తూటాలూ కుక్కితే బరువుకి చిరుగుతాయని కాన్వాస్ అతుకులు వేయించి, ఊగకుండా కాలికి కట్టుకోవడానికి నాడాలు కుట్టించుకున్నారు. ఆ నాడా ముడి మూడుసార్లు జారిందని రాయి. "అతనికి భయం వేసింది" అన్న వాక్యం కొట్టేయొచ్చు.

నీ బ్రిటిష్ సైనికుడి బ్యాటిల్‌డ్రెస్ (యుద్ధంలో వేసుకునే యూనిఫాం) ప్యాంటుకి ఎడమ తొడ మీద మ్యాప్ జేబు, కుడివైపు ముందు గాయాల కట్టుకి చిన్న జేబు. అందరికీ అదే చోట. పడిపోయినవాడి కట్టు పక్కవాడు చీకట్లో తడిమి తీయగలడు. నువ్వు అక్కడ టార్చిలైటు వేయించావు, శత్రువు ముందు!

నేనూ తక్కువ తినలేదులే. తొలిరోజుల్లో ఓ కథలో కానిస్టేబుల్ చేత ప్యాంటు జేబులోంచి విజిల్ తీయించాను. రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన కార్డు రాశారు: "విజిల్ చొక్కా జేబులో ఉంటుంది బాబూ, తాడు భుజానికి." కథ గురించి ఒక్క ముక్క లేదు.

అలాగని ఇవన్నీ కథలో కుమ్మరించకు. ఒక్క కత్తి జేబు చాలు. తిరగరాసే ముందు భుజాల మీంచి తొడల కిందుగా గట్టిగా తాడు కట్టించుకుని, వెనక జేబులో చెయ్యి పెట్టి చూడు. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీ.

ఆశీస్సులతో,
అన్నయ్య