ముందు కత్తెర దాచెయ్

చిరంజీవి పాపకి,

నెల్లూరు నుంచి మీ పెదనాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ పెద్దమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. వాన వచ్చేది టీవీ వాళ్లకంటే ముందు ఆవిడకే తెలుస్తోంది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు పాతకాలం బిల్లులు, వ్యాపారుల కార్డులు, కంపెనీల రంగుల బొమ్మలు, అదీ నూట పాతిక, నూట యాభై ఏళ్ల కిందటివి, పోగుచేయడం మొదలుపెట్టావని చెప్పాడు. "జీతం తీసుకెళ్లి చిత్తుకాగితాలకి పోస్తోందన్నా" అని వాడి బాధ. నాకైతే లోపల్లోపల సంబరమే. మన ఇంట్లో నా తర్వాత ఈ పిచ్చి ఇంకెవరికీ పట్టదనుకున్నా. ఆ సంబరం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. "నాలుగున్నర వేలు పెట్టి ఒక అమెరికా కార్డు కొంది, శనివారం లామినేషన్ చేయిస్తుందట" అన్నాడు. ఇక నిద్రెక్కడిది? తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇది రాస్తున్నా. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే కనీసం సగం చదువుతావు.

లామినేషన్ వద్దు. ప్రెస్సులో ఆ మిషన్ పక్కన పదేళ్లు కూర్చున్నవాణ్ని, చెబుతున్నా విను. ఆ ప్లాస్టిక్‌కి లోపలివైపు జిగురు ఉంటుంది. వేడికి అది కరిగి కాగితంలోకి దిగుతుంది. మళ్లీ పైకి రాదు. రేషన్ కార్డుకైతే పరవాలేదు, పోతే ఇంకోటి ఇస్తారు. దీనికి ఇంకోటి ఎవరిస్తారు?

మిగతావి నీకు తెలిసే ఉంటాయి, గబగబా చెప్పేస్తా. సెల్లో టేపు వద్దు, పసుపుపచ్చని మచ్చ వదిలి అది మాత్రం ఊడిపోతుంది. రబ్బరు బ్యాండు వద్దు, మన ఎండలకి కరిగి అతుక్కుంటుంది. గుండుసూది ఉంటే తీసెయ్. మెత్తగా ఉండి వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు కాకుండా మైలార్ (గట్టి పాలిస్టర్) కవర్లు కొనుక్కో. రాయాలంటే పెన్సిలే, అదీ వెనక మూలన, నొక్కకుండా. గోడకి ఫ్రేము కట్టి ఎండలో పెట్టకు. ఏదీ కింది అరలో పెట్టకు. మీ బెంగుళూరులో పెన్నా లేదని నవ్వుతావేమో, 2021 నవంబరులో ఏరు పొంగి నీళ్లొచ్చినప్పుడు నా కింది అర మొత్తం ముద్దయిపోయింది. అప్పట్నుంచి వాన పడితే నేను ముందు లేచి చూసేది ఆ బీరువానే. మీ పెద్దమ్మ మోకాళ్లు ఆ తర్వాతే (ఈ మాట ఆవిడకి చెప్పకు).

ఇక ఆ అమెరికా కార్డు. వాట్సాప్‌లో మీ నాన్న ఫొటో పంపాడు, దారపు ఉండల కంపెనీది, పిల్లిపిల్ల బొమ్మ. 1876లో ఫిలడెల్ఫియాలో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది కదా, ఆ తర్వాత ఓ ఇరవై ఏళ్లు అక్కడ ఈ కార్డుల జాతరే. దారాలవాళ్లు, సబ్బులవాళ్లు, మందులవాళ్లు కొట్టుకొచ్చిన ప్రతివాడి చేతిలో ఒకటి పెట్టేవాళ్లు. చాలావాటికి బొమ్మ ఒకచోట గుట్టలుగా అచ్చయ్యేది, కింద ఖాళీ వదిలేవాళ్లు, ఏ ఊరి ప్రెస్సువాడు ఆ ఊరి కొట్టు పేరు అందులో వేసుకునేవాడు. ఇది చదివినప్పుడు నాకెంత నవ్వొచ్చిందో. నేను ఇక్కడ స్టోన్‌హౌస్‌పేట ప్రెస్సులో ఇన్నేళ్లు చేసింది ఇదే పని. నవంబరు, డిసెంబరు వచ్చిందంటే శివకాశి నుంచి లక్ష్మీదేవి, వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ల కట్టలు దిగేవి. కింద జానెడు ఖాళీలో బియ్యం మిల్లు పేరో, నగల కొట్టు పేరో ట్రెడిల్ (కాలితో తొక్కే అచ్చు మిషన్) మీద కొట్టి ఇచ్చేవాళ్లం.

అది అసలుదో కాదో చూడాలంటే పదింతలు చూపే భూతద్దం కొను, మూడొందలకి వస్తుంది. అప్పట్లో రంగుల బొమ్మంటే రాతి మీద అచ్చు, ఒక్కో రంగుకి ఒక్కో రాయి, మంచి బొమ్మకైతే పది, పన్నెండు రాళ్లు. రాతిమీద చుక్కలు మనిషి చేత్తో పెట్టినవి కాబట్టి అద్దంలో చూస్తే చిందరవందరగా, ఒకటి లావు, ఒకటి సన్నం ఉంటాయి. వరసలు తీర్చిన చుక్కలు కనబడ్డాయంటే అది చాలావరకు ఫొటో నుంచి తీసిన అచ్చే. ఆ పద్ధతి వ్యాపారంలోకి వచ్చింది 1880ల్లో. అలాంటి కార్డు చూపించి 1860 నాటిదని చెబితే లేచి వచ్చెయ్. కొట్టు పేరు సీసపు అక్షరాలతో వేసి ఉంటే వెనక వేలితో తడుము, కాస్త ఎత్తు తగలొచ్చు. నలభై ఏళ్లు ఈ చేత్తో తడిమినవాణ్ని కాబట్టి నాకు చీకట్లో కూడా తెలుస్తుంది. నీకు తెలియడానికి ఓ రెండేళ్లు పడుతుంది, కంగారుపడకు.

మన వైపు బిల్లుల సంగతి వేరు. ఒంగోలు వ్యాపారి బిల్లు మీద 'నెల్లూరు జిల్లా' అని అచ్చయి ఉంటే అది 1904కి ముందుది. ఆ ఏడే గుంటూరు జిల్లా పెట్టి ఒంగోలుని అటు కలిపారు. అచ్చువేయించిన స్టాకు అయిపోయేదాకా వాడతారు కాబట్టి ఒకట్రెండేళ్లు అటూ ఇటూ అనుకో. కందుకూరు మీద మాత్రం ఈ లెక్క పనిచేయదు. అది 1970 దాకా నెల్లూరే, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. అణా రసీదు స్టాంపు ఉంటే దానిమీద విక్టోరియా రాణి ఉందా, రాజు ఉన్నాడా చూడు. రాజు ఉంటే 1901 తర్వాతిదే. నయా పైసలు కనబడితే 1957 దాటింది. ఇంకో మోసం ఉంది, ఇందులో నేనే పడ్డా. తెలుగు సంవత్సరం పేరు చూసి మురిసిపోకు. 'ధాత' అని రాసుంటే 'ఓహో, 1876 ధాత కరువు నాటి బిల్లు' అని ఆరొందలు ఇచ్చి తెచ్చుకున్నా. ఇంటికొచ్చి చూస్తే కింద టెలిఫోన్ నంబరు! అరవై ఏళ్లకి ధాత మళ్లీ వస్తుంది కదా, 1876లో వచ్చింది, 1936లో వచ్చింది. మీ పెద్దమ్మ ఇప్పటికీ ఆ ఆరొందలు గుర్తుచేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇది మీ నాన్నకి కూడా తెలీదు. వాడికి అప్పుడు ఆరేళ్లు.

మా తాతకు తండ్రి కందుకూరులో బట్టల కొట్టు నడిపాడు. ఆయన బిల్లులన్నీ పాత ఇంట్లో భోషాణంలో ఉండేవి. చివర కొక్కెంలా వంచిన పొడుగాటి ఇనప తీగ, అడుగున గుండ్రటి చెక్క బిళ్ల, ఆ తీగకి గుచ్చిన బిల్లుల దొంతర. అలాంటివి నాలుగు. తీగ గుచ్చుకున్న చోట ప్రతి కాగితానికీ చిల్లు, చిల్లు చుట్టూ తుప్పు ఎర్రగా. (ఆ చిల్లు లోపం అనుకోకు. టీ నీళ్లలో ముంచి ముసలి కాగితం తయారుచేసేవాడు తుప్పు దాకా ఆలోచించడు.) మద్రాసు హోల్‌సేల్ వాళ్ల బిల్లులు. ఒక్కోదాని నెత్తిన ఒక్కో బొమ్మ. పొగ వదులుతున్న ఓడ, మేడ ముందు జట్కా బండి, తొండం ఎత్తిన ఏనుగు. సన్నని గీతలతో చెక్కిన బొమ్మలు.

నాకు పదహారేళ్లు. 1968 జనవరి, సంక్రాంతి సెలవులు. ఆ బొమ్మలు చూసి పిచ్చెక్కింది. అవ్వ కుట్టుపెట్టెలోంచి కత్తెర తెచ్చి రెండు రోజులు కూర్చుని నూట నలభై బిల్లులకి తలలు కోశా. అవును, కోశా. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, రెండొందల పేజీల నోటుబుక్కులో వరసగా అంటించా. ఎంత నీటుగా అంటించానో, ఒక్క బొమ్మ వంకర లేదు. కింది ముక్కలు, అంటే సరుకు పేర్లు, తానులెన్ని, ధరెంత, తేదీ, సంతకం ఉన్నవి, గంపకెత్తి భోగిమంటలో పోశా. పాత కాగితాలు పోయాయని ఇంట్లో అందరికీ సంతోషమే. మా నాన్న భుజం కూడా తట్టాడు.

పదిహేనేళ్లు ఆ పుస్తకం చూపించి గొప్పలు పోయా. 1983లో ఒక హిస్టరీ లెక్చరర్ కూతురి పెళ్లి శుభలేఖలు వేయించడానికి ప్రెస్సుకొచ్చాడు. మాటల్లో విషయం వచ్చి పుస్తకం తీశా. ఆయన ఓడ చూడలేదు, ఏనుగు చూడలేదు. కత్తిరించిన అంచు మీద వేలు పెట్టి, అటునుంచి ఇటు జరిపి, "కింది భాగం ఏదండీ?" అన్నాడు. మల్లు గుడ్డ తాను ఏ ఏడు ఎంతకి అమ్మిందో, కరువేళ ఎన్ని తానులు తగ్గాయో, కందుకూరుకి సరుకు ఎట్లా చేరిందో అందులో ఉండేదన్నాడు. మద్రాసు నుంచి పెదగంజాం దాకా బకింగ్‌హామ్ కాలవలో పడవలు నడిచేవి కదా, పడవ బాడుగ కూడా బిల్లులో వేసేవాళ్లేమో చూడాలని ఆయన ఆశ. నాకు చెమటలు పట్టాయి. "చెదలు తిన్నాయండీ" అన్నా.

అబద్ధం. ఆయన పాపం నమ్మినట్టే, "చెదలకి బొమ్మలు నచ్చనట్టున్నాయి" అని నవ్వి శుభలేఖల అడ్వాన్సు ఇచ్చి వెళ్లాడు. నమ్మాడో లేదో ఇప్పటికీ తెలీదు.

ఆ రాత్రే ఒక బొమ్మని తడిగుడ్డ వేసి మెల్లగా లేపా. వెనకాల తాత తండ్రి చేతిరాత, "చెల్లు" అని ఒక్క మాట, కింద పొడి సంతకం. ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చేసినట్టు గుర్తు. అది కూడా నేను మైదాతో మూసేశా. రెండోది లేపబోతే ఓడ రెండు ముక్కలైంది. అక్కడితో ఆపేశా.

అమెరికాలో పిల్లలూ అదే పనిచేశారట, కార్డులన్నీ పుస్తకాల్లో అంటించుకునేవాళ్లు. నీ కార్డు వెనక చూడు, ఏదో కాగితం చిరిగి అంటుకున్న మరక ఉండాలి. అది చూసి మొహం చిట్లించకు, ధర తగ్గించమని అడుగు అంతే.

అందుకే చెబుతున్నా, ఏ కాగితం చేతికొచ్చినా ముందు రాసుకోవాల్సింది అది ఏ ఊరి నుంచి, ఏ ఇంటి నుంచి, ఏ పెట్టెలోంచి వచ్చిందని. నలభై కాగితాలు కట్టగా దొరికితే కట్టగానే ఉంచు. బాగున్నవి ఏరుకుని మిగతావి పారేస్తే నువ్వూ నా కత్తెర పట్టినట్టే.

ఆన్‌లైన్‌లో కొనడం తగ్గించు. మన జిల్లాలు తిరుగు. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం వ్యాపారం చేసిన కుటుంబాలున్నాయి. మార్కాపురంలో పలకల వాళ్లున్నారు. చీరాల నుంచి తేలియా రుమాళ్లు (నూనె పట్టించిన నూలుతో నేసేవి) అరబ్బు దేశాలకి వెళ్లేవి, ఆ లెక్కల కాగితాలు ఏ అటక మీదో ఉండకపోవు. పాత బట్టల కొట్ల వాళ్లని అడిగితే మాంచెస్టరు తానుల మీద అంటించి వచ్చిన రంగుల దేవుళ్ల బొమ్మలు కూడా దొరకొచ్చు, పూజగదిలో పటం కట్టి పెట్టుకుని ఉంటారు. అడగొద్దు అవి, దణ్ణం పెట్టి ఫొటో తీసుకో చాలు. చావు జరిగిన ఇంటికి పెద్దకర్మ అయ్యేదాకా వెళ్లకు. ముసలివాళ్ల దగ్గర కిలోల లెక్కన కొనకు. ఏం తీసుకుంటున్నావో వాళ్ల పిల్లలకి చూపించి తీసుకో. ఆడపిల్లవి, ఒక్కదానివే చిత్తుకాగితాల గోడౌన్లలోకి దూరకు, మీ నాన్నని తోడు తీసుకెళ్లు, వాడికి వాకింగ్ అయినా అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, భోగికి పది రోజుల ముందే సెలవు పెట్టి రా. మనవాళ్లు ఇల్లు దులిపేది అప్పుడే. నేను ప్రతి ఏడూ ఆ పది రోజులు స్కూటరేసుకుని పేటంతా తిరుగుతా. ఎవరింటి ముందు గంప కనబడినా ఆగుతా. పిల్లలు నన్ను చూసి 'కాగితాల తాత' అంటారు.

నా నోటుబుక్కు మీ నాన్న వచ్చినప్పుడు పంపుతా. ఏ బొమ్మనీ లేపడానికి చూడకు. చివరి పేజీలో మడత పెట్టిన నిండు బిల్లు ఒకటుంది, అదొక్కటే మిగిలింది. దాని నెత్తిన బొమ్మ లేదు, ఉత్త అక్షరాలే, అందుకని నేను ముట్టుకోలేదు. గంపలో వేయబోతుంటే అవ్వ తీసుకుని పసుపు కొమ్ములు పొట్లం కట్టుకుంది. మూడు తానుల మల్లు, రెండు జతల పంచెలు, చివర 'గొడుగు 1' అని ఇంగ్లీషులో ఉంటుంది. గొడుగు పక్కన ఆయన తెలుగులో 'ఇంట్లోకి' అని రాసుకున్నాడు. ఒక మూల అంతా పసుపు. తుడవకు.

ఇట్లు,
మీ పెదనాన్న

మరిచా, శనివారం లామినేషన్ షాపుకి వెళ్లలేదని శుక్రవారమే ఫోన్ చెయ్. నాకు టెన్షన్‌గా ఉంది.