నీళ్ల ట్యాంకు వెనక పెట్టకు

చిట్టీ,

పాత మెటాడోర్ వ్యాను కొన్నావనీ, దాన్ని టిఫిన్ బండిగా మార్చి అరకులో పెడతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల మెటాడోర్ కొనడమా అని నలుగురికి గర్వంగా చెప్పుకున్నాను. పొద్దున నువ్వు పంపిన బొమ్మ చూశాక గుండె జారింది. వెనక తలుపు దగ్గర 200 లీటర్ల నీళ్ల ట్యాంకు, పక్కనే రెండు సిలిండర్లు, గ్రైండరు!

ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం), ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ కాగితం) ముందు చూసుకో. హ్యాండ్‌బ్రేకు కేబులు కొత్తది వేయించు. తుప్పు మీద పుట్టీ పెట్టి రంగేస్తానంటే ఒప్పుకోకు. ఇవన్నీ ఏ మెకానిక్కైనా చెప్తాడు.

ఆ బండిని లాగేది ముందు చక్రాలు. లారీలాగా వెనక నుంచి తోసే బండి కాదు. జర్మనీలో హాంబర్గ్ దగ్గర హార్‌బర్గ్‌లో, టెంపో పేరుతో మూడు చక్రాల బండ్లు చేసే కంపెనీ ఒకటుండేది. వాళ్లు 1949లో నాలుగు చక్రాల మెటాడోర్ తెచ్చారు. అందులో పెట్టింది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్, 25 గుర్రాల బలం. కారులో వెనక ఉండే ఇంజన్ని ముందుకు తెచ్చి, ముందు చక్రాలకే తగిలించారు. వెనక్కి పోయే షాఫ్టే లేదు కాబట్టి బండి నేల బాగా కిందికి దిగింది. బస్తా ఎత్తేవాడి నడుం గురించి ఆలోచించి గీసినట్టుంటుంది. 1950లో ఫోక్స్‌వ్యాగన్ సొంత వ్యాన్ తీసుకొచ్చింది, కొన్నాళ్లకు వీళ్లకి ఇంజన్లు ఇవ్వడం మానేసింది. పోటీవాడికి ఎవడిస్తాడులే! 1960ల్లో వాళ్లు బండి రూపం మార్చారు. మన పుణెలో తయారైన మెటాడోర్ ఆ మారిన రూపం నుంచి వచ్చిందే. అదే బండి కొన్నాళ్లు జర్మనీలో బెంజ్ గుర్తు పెట్టుకుని కూడా తిరిగింది. నేను మెటాడోర్ తోలే రోజుల్లో ఈ సంగతి చెప్తే మా స్టాండులో ఎవడూ నమ్మేవాడు కాదు.

ఎన్ని మార్పులు చేసినా ముందు చక్రాలే లాగడం మాత్రం మారలేదు. బరువంతా వెనక పడితే వాటికి నేల మీద పట్టు పోతుంది. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే తప్పు చేశాను.

1987 వానాకాలం. విశాఖ నుంచి అరకుకి సిమెంటు 20 బస్తాలు, కొన్ని మంచాలు. దింపడం తేలికని బస్తాలన్నీ వెనక తలుపు దగ్గరే వేయించాను. మంచాలు ముందు. మీ నాన్న సరదాగా తోడొచ్చాడు, అప్పటికి బావకి పెళ్లై మూడు నెలలు. ఎస్.కోట దాటి ఘాటీ ఎక్కుతుంటే స్టీరింగు బొమ్మ బండిదానిలా తేలికైపోయింది. అనంతగిరి ముందు వంపులో ముందు చక్రాలు బురదలో ఉన్నచోటే గిర్రున తిరిగాయి. బండి వెనక్కి జారడం మొదలైంది. స్టీరింగు ఎటు తిప్పినా దానికి పట్టింపే లేదు. ఎడమ పక్క లోయ. హ్యాండ్‌బ్రేకు లాగితే చేతికి వదులుగా వచ్చేసింది.

బావ దూకేశాడు. నేను వద్దని అరుస్తూనే ఉన్నాను. వెనక చక్రం కింద రాయి తోశాడు. బండి ఆగింది. రాయికీ టైరుకీ మధ్య ఆయన చిటికెన వేలు ఉండిపోయింది.

తలుపు సందులో పడి నలిగిందని నీకు చిన్నప్పటి నుంచీ చెప్పారు కదూ. మీ అమ్మకీ అదే చెప్పాం.

పైనుంచి దిగుతున్న ఒక లారీ డ్రైవరు ఆగి, నన్ను నోటికొచ్చినట్టు తిట్టి, తన క్లీనరుతో బస్తాలన్నీ మా సీట్ల వెనక్కి మార్పించాడు. అంతే, అదే బండి అదే వంపు ఎక్కేసింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

అందుకని ట్యాంకు డ్రైవరు సీటు వెనకే పెట్టించు, అడ్డంగా, ఎత్తు తక్కువగా. ఘాటీ ఎక్కేటప్పుడు సగమే నింపు, పైన నీళ్లు దొరుకుతాయి. సిలిండర్లు ముందు పెట్టమని మాత్రం అనను, వాటికి గాలాడాలి. వాటి గురించి గ్యాస్ పని తెలిసినవాణ్ణి అడుగు. వెనక తలుపు దగ్గర కప్పులూ ప్లేట్లూ పెట్టుకో, చాలు. వానలో నువ్వు ఒక్కదానివే ఎక్కితే మాత్రం నీతో మాట్లాడను. నవ్వకు, నిజంగానే మాట్లాడను.

ఆదివారం టేపు పట్టుకుని వస్తున్నా. అప్పటిదాకా వెల్డరుని పిలవకు. వేలి సంగతి నాన్నని అడగకు, తలుపే అంటాడు.

మీ మావయ్య